అద్దె డ్రాఫ్టర్లు: మా స్టూడెంట్ స్టోర్ ప్రాజెక్టు డైరీ

జూన్ 29, 2025

ఇవాళ హాస్టల్లో రూములు మారుతున్నారు. మూడో ఫ్లోర్లో ఒక రూము ముందు చెత్తబుట్టలో, డ్రాయింగ్ బోర్డుకి బిగించి గీతలు గీసుకునే మినీ డ్రాఫ్టర్లు రెండు కనిపించాయి. ఒకటి తీసి చూస్తే స్కేళ్లు బాగానే ఉన్నాయి, రాడ్లు మాత్రం ఎర్రగా తుప్పు పట్టి కదలడం లేదు. మా కాలేజీ విశాఖలో భీమిలి రోడ్డు వైపు, సముద్రానికి దగ్గర. ఇక్కడ ఉప్పుగాలి కిటికీ ఊచల నుంచి సైకిలు చైను దాకా దేన్నీ వదలదు. ఫస్టియర్లో 550 పెట్టి కొన్న డ్రాఫ్టర్, డ్రాయింగ్ సబ్జెక్టు ఒక్క సెమిస్టరే కాబట్టి నాలుగు నెలలు వాడి కప్‌బోర్డు మీద పడేస్తాం, ఆ తర్వాత దాని మొహం ఎవరూ చూడరు. రెండు నెలల్లో కొత్త బ్యాచ్ వస్తుంది, వాళ్లూ జగదాంబ దాకా వెళ్లి మళ్లీ 550 పెట్టి కొత్తవి కొంటారు.

పాతవి కొని, బాగుచేసి, సెమిస్టరుకి ఇంత అని అద్దెకిస్తే? మా కాలేజీలో సగం బ్రాంచీలకు డ్రాయింగ్ మొదటి సెమిస్టర్లో, మిగతా సగానికి రెండో సెమిస్టర్లో. అంటే ఒకే డ్రాఫ్టర్ ఏడాదికి రెండుసార్లు తిరుగుతుంది.

నలుగురం అనుకున్నాం. నేను మెకానికల్, ఇద్దరు అమ్మాయిలు సివిల్, ఈసీఈ, లెక్కలకి మా సీఎస్‌ఈ వాడు. అందరం థర్డ్ ఇయర్. తలా 3,500 వేస్తే 14,000.

డబ్బు కంటే నాకు దీంట్లో వేరే ఆశ ఉంది, అది కూడా రాసి పెట్టుకుంటున్నాను. పోయినేడాది ఆన్‌లైన్లో ఒక చోట డబ్బు కట్టి ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ తెచ్చుకున్నాను. దాని మీద ఎనిమిది వారాలు అని ఉంది. ఆ ఎనిమిది వారాల్లో వీడియోలు చూసి టిక్కులు పెట్టాను తప్ప నేను పని చేయకపోతే ఇబ్బంది పడే మనిషి ఒక్కరు కూడా లేరు. మా చెల్లి శ్రీకాకుళంలో డిగ్రీ చదువుతోంది. మన రాష్ట్రంలో 2020-21 బ్యాచ్ నుంచి డిగ్రీ వాళ్లకి మొత్తం పది నెలల ఇంటర్న్‌షిప్ పెట్టారు కదా, అందులో రెండు నెలల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు కోసం అది ఎండలో ఇంటింటికీ తిరిగి, తలుపు వేసుకున్న ఇంటికి మళ్లీ మళ్లీ వెళ్లి వివరాలు రాసుకొచ్చింది. దాని నోట్‌బుక్ చూశాక నా సర్టిఫికెట్ బయటికి తీయబుద్ధి కాలేదు.

జులై 10

మా డిపార్ట్‌మెంట్ హెడ్ (హెచ్‌ఓడీ) సార్‌కి లెటర్ ఇచ్చాం. రెండు పేజీలు, నిండా ఇన్నోవేషన్, ఆంట్రప్రెన్యూర్‌షిప్. సార్ మొత్తం ఓపిగ్గా చదివి, "బాబూ, ఇంతకీ నన్ను ఏం అడుగుతున్నావు?" అన్నారు. నిజమే, రూము కావాలని ఎక్కడా రాయలేదు.

సాయంత్రం క్యాంటీన్లో కూర్చుని మళ్లీ రాశాం. ఏ రూము, ఏ టైములో, తాళం ఎవరి దగ్గర, ఏదైనా పాడైతే ఎవరు బాధ్యులు, ఎప్పుడు ఖాళీ చేస్తాం. ఐదు లైన్లు. ఈసారి సార్ ఒకే ప్రశ్న వేశారు: "మీరు పాసై వెళ్లిపోయాక ఆ పిల్లల డిపాజిట్ డబ్బు ఎవరిస్తారు?" మా దగ్గర జవాబు లేదు. రేపు చెప్తాం సార్ అని వచ్చేశాం.

రాత్రంతా వేరే చోట్ల దీన్ని ఎలా చేస్తున్నారో వెతికాను. హార్వర్డ్‌లో 1957 నుంచి విద్యార్థులే నడుపుతున్న కంపెనీ ఉంది. ఫ్రాన్స్‌లో ఎసెక్ అనే బిజినెస్ స్కూల్లో 1967లో పిల్లలు ఒక సంస్థ పెట్టి బయటి కంపెనీలకి డబ్బు తీసుకుని ప్రాజెక్టులు చేసిపెట్టడం మొదలుపెట్టారు. జూనియర్ ఎంటర్‌ప్రైజ్ అంటారు దాన్ని. అది దేశాలు దాటి బ్రెజిల్ దాకా వెళ్లింది, అక్కడ 2016లో వీటి కోసం ఏకంగా చట్టమే చేశారు. అన్ని చోట్లా మనుషులు ఏటా వెళ్లిపోతూనే ఉంటారు, కాబట్టి కింది బ్యాచ్‌ని మొదటి నుంచే పక్కన కూర్చోబెట్టుకోవాలి. అందుకే సెకండ్ ఇయర్ నుంచి ఇద్దరు తమ్ముళ్లని ఇప్పుడే కలుపుకున్నాం. పొద్దున్నే సార్‌కి అదే చెప్పాం. వర్క్‌షాప్ బ్లాక్‌లో మెట్ల కింద ఉన్న స్టోర్ రూము ఇచ్చారు, రోజూ సాయంత్రం 4:15 నుంచి 5:15 వరకు.

జులై 27

కొనుగోళ్లు అయ్యాయి. మొత్తం 86 డ్రాఫ్టర్లు, 9,460 రూపాయలు, సగటున ఒక్కోటి 110.

నేను బాయ్స్ హాస్టల్లో రూము రూముకీ తిరిగి "ఎంతకిస్తావు మామా?" అని అడిగాను. అప్పటిదాకా దాన్ని పట్టించుకోని వాడు కూడా అలా అడగ్గానే 300 అంటాడు. బేరం, మాటలు, టీ, చివరికి "మా అమ్మనడిగి చెప్తా". రెండు సాయంత్రాల్లో తొమ్మిది దొరికాయి. ఈసీఈ అమ్మాయి గర్ల్స్ హాస్టల్ మెస్ గుమ్మం దగ్గర బల్ల వేసి చార్టు మీద రాసింది: బాగున్నది 120, తుప్పు పట్టింది 80, డబ్బు అక్కడికక్కడే. ఒక్క సాయంత్రంలో 31 వచ్చాయి. రేటు ముందే రాసి పెడితే ఎదుటివాడికి అనుమానం పోతుంది, పక్కవాడికి ఎక్కువిచ్చారేమో అన్న బాధ ఉండదు. తర్వాత నేనూ అదే చార్టు పట్టుకెళ్లాను.

ఆగస్టు 10

వారం రోజులు రిపేర్లు. ఇది నాకు చాలా ఇష్టమైన భాగం, కొంచెం వివరంగా రాస్తాను.

మినీ డ్రాఫ్టర్‌లో ఉన్నదల్లా సమాంతర చతుర్భుజం. రెండు జతల రాడ్లు పిన్నుల మీద తిరుగుతాయి, ఒక చివర బోర్డుకి బిగించే క్లాంపు, రెండో చివర డిగ్రీల చక్రం, దానికి ఒకదానికొకటి లంబంగా రెండు స్కేళ్లు. క్లాసులో ఫోర్ బార్ మెకానిజం అని చెప్పుకునేది ఇదే. రాడ్లు ఎక్కడికి జరిగినా స్కేలు దిశ మారకూడదు. పిన్ను అరిగి వదులైతే దిశ మారుతుంది, గీతలు వంకర పోతాయి.

పరీక్ష ఇలా పెట్టుకున్నాం. బోర్డుకి బిగించి పైన ఎడమ పక్క 30 సెంటీమీటర్ల గీత గీయాలి. స్కేలుని కింద కుడి మూలకి జరిపి ఇంకో గీత. రెండు గీతల మధ్య దూరం రెండు కొసల్లోనూ కొలవాలి. తేడా అర మిల్లీమీటరు దాటితే స్క్రూ బిగించి మళ్లీ చూడాలి, అప్పటికీ దాటితే పక్కన పెట్టాలి. సివిల్ అమ్మాయి అన్నీ తనే కొలిచింది. నేను "ఇది పర్లేదులే" అన్నవాటిలో ఆరింటిని పక్కన పెట్టించింది. "వాళ్లకి మార్కులు పోతే మనల్నే అడుగుతారు, నువ్వెళ్లి జవాబు చెప్తావా?" అంది. మొత్తం 14 పోయాయి, వాటి నుంచి స్క్రూలు, స్కేళ్లు తీసి వాడుకున్నాం. మిగిలినవి 72.

పూర్ణా మార్కెట్ దగ్గర ఒక షాపులో ఎమరీ పేపరు, కుట్టు మిషను నూనె, చిన్న స్క్రూలు, అన్నీ కలిపి 1,340. తుప్పు గీకాం, నూనె పట్టించాం, రాడ్లు తళతళ మెరుస్తున్నాయి.

సెప్టెంబర్ 12

మొదటి వారం అయింది. 67 అద్దెకి వెళ్లాయి. సెమిస్టరుకి అద్దె 150, డిపాజిట్ 250, డ్రాఫ్టర్ తిరిగిచ్చినప్పుడు డిపాజిట్ వెనక్కి.

మంగళవారం నేను లైబ్రరీ దగ్గర కబుర్లలో పడి 4:35కి వెళ్లాను. ఐదుగురు ఫస్టియర్లు మెట్ల మీద కూర్చుని ఉన్నారు. డే స్కాలర్ల బస్సు ఐదింటికి. ఇద్దరు అప్పటికే వెళ్లిపోయారట, మర్నాడు వాళ్లకి డ్రాయింగ్ క్లాసు. క్లాసుకి ఇరవై నిమిషాలు లేటైతే నా అటెండెన్స్ పోతుంది, అంతే. ఇక్కడ నా వల్ల ఇంకొకరి క్లాసు పోయింది. ఆ రాత్రి వాళ్లిద్దరి నంబర్లు కనుక్కుని, పొద్దున ఎనిమిదిన్నరకి బస్సు దగ్గరికే డ్రాఫ్టర్లు పట్టుకెళ్లి ఇచ్చాను. ఆ తర్వాత నేను 4:10కే వెళ్తున్నాను.

సెప్టెంబర్ 17

ఈ రోజు గుర్తుంచుకోవాలి.

4:20కి ఒక ఫస్టియర్ అమ్మాయి వచ్చి కౌంటర్ మీద షీటు పరిచింది. ప్రొజెక్షన్స్ ఆఫ్ సాలిడ్స్, దాదాపు పూర్తయింది, చక్కటి లెటరింగ్. షీటు మధ్యలో అడ్డంగా రెండు నూనె మరకలు, కాగితం అక్కడ అద్దంలా పారదర్శకంగా అయిపోయింది. "ఏటన్నా ఇది? రేపు సబ్మిషన్. రాత్రి రెండింటిదాకా గీసినాను" అంది. ఏడవట్లేదు, అదే నాకు ఇంకా కష్టంగా అనిపించింది.

తప్పు మాదే. తుప్పు భయంతో నేను కీళ్ల దగ్గర నూనె ఎక్కువ పోశాను. కౌంటర్ మీద ఉన్నప్పుడు కనబడదు, బోర్డు మీద బిగించి గంట వాడాక మెల్లగా రాడ్డు వెంట జారి కాగితం మీద పడుతుంది.

ఆమెకి వేరే డ్రాఫ్టర్, కొత్త షీట్లు ఇచ్చాం, అద్దె తిరిగిచ్చేశాం. కానీ ఆ రాత్రి ఆమె మొత్తం మళ్లీ గీయాల్సిందే, అది మేము తిరిగివ్వలేం. నేను, ఈసీఈ అమ్మాయి కలిసి వాళ్ల డ్రాయింగ్ సార్ దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పి, మా పొరపాటు కాబట్టి ఒక్క రోజు టైమివ్వమని అడిగాం. సార్ ఒప్పుకున్నారు. నేనొక్కడినే అయితే వెళ్లేవాణ్ని కాదేమో, తప్పు ఒప్పుకోవడానికి ఒకరి గుమ్మం ఎక్కడం నాకు అదే మొదటిసారి.

మిగతా 66 మందికీ మెసేజ్ పెట్టాలి. మొదట నేను రాసింది పదకొండు లైన్లు, వాతావరణం, ఉప్పుగాలి, మేము పడ్డ కష్టం. సివిల్ అమ్మాయి అన్నీ కొట్టేసి మూడు లైన్లు మిగిల్చింది: మా డ్రాఫ్టర్లలో నూనె ఎక్కువైంది, షీటు పాడవచ్చు. వాడేముందు పొడి గుడ్డతో కీళ్లు తుడవండి. రేపు సాయంత్రం తెస్తే మేమే శుభ్రం చేసిస్తాం, షీటు పాడైతే కొత్తది, అద్దె వాపసు. మొత్తం ఆరుగురికి అద్దె తిరిగిచ్చాం, 900. షీట్లకి 120.

పద్ధతి మార్చాం. కీలుకి సూది మొనతో ఒక్క చుక్క, రాడ్లకి నూనె లేదు, కొవ్వొత్తి మైనం పల్చగా రుద్ది గుడ్డతో గట్టిగా తుడవాలి. తర్వాత డ్రాఫ్టర్ని రాత్రంతా పాత పేపరు మీద పెట్టాలి. తెల్లారి పేపరు మీద మరక లేకపోతేనే ఎవరి చేతికైనా.

అక్టోబర్ 12

దసరా సెలవుల్లో సెకండ్ హ్యాండ్ క్యాసియో సైంటిఫిక్ క్యాల్క్యులేటర్లు 12 కొన్నాం, ఒక్కోటి 600. మిడ్ పరీక్షల ముందు అమ్ముదామని. ఇవాళ లెక్కలు చూసుకుందామని ఎంవీపీ కాలనీలో ఈసీఈ అమ్మాయి వాళ్లింట్లో కూర్చున్నాం.

సీఎస్‌ఈ వాడు ల్యాప్‌టాప్ తిప్పి చూపించాడు. చేతిలో 21,780. పెట్టుబడి 14,000 తీసేస్తే 7,780 లాభం, క్యాల్క్యులేటర్లు ఇంకా అమ్మలేదు కూడా! అందరం గాల్లో తేలిపోయాం. ఐదు నిమిషాల్లోనే గొడవ మొదలైంది. నలుగురికీ సమానమా, పని చేసినదాన్ని బట్టా? సివిల్ అమ్మాయి కౌంటర్లో మా అందరికంటే రెట్టింపు కూర్చుంది. సీఎస్‌ఈ వాడు లెక్కల షీటు మొత్తం నాదే కదా అన్నాడు. మాటలు పెరిగాయి, ఇక్కడ రాయదలచుకోలేదు.

ఆంటీ లోపల్నుంచి పకోడీలు తెచ్చి పెడుతూ స్క్రీన్ వైపు చూశారు. ఆవిడ టైలరింగ్ షాపు నడుపుతారు, కస్టమర్ల అడ్వాన్సులు వేరే డబ్బాలో వేయడం ఆవిడకి ఇరవై ఏళ్ల అలవాటు. "ఈ డిపాజిట్ అంటే ఏంటమ్మా? తిరిగిచ్చేదేనా? మరి అది మీ డబ్బులో ఎందుకు కలిపారు?"

ఎవరం మాట్లాడలేదు. 67 మంది, ఒక్కొక్కరికి 250 చొప్పున 16,750. 21,780లోంచి అది తీసేస్తే మాది 5,030. మేం పెట్టింది 14,000. మేం లాభం అనుకున్న 7,780 పిల్లల డిపాజిట్ డబ్బే. అది పంచేసుకుని ఉంటే, అందరూ వచ్చి డ్రాఫ్టర్లు ఇచ్చి డబ్బు అడిగిన రోజు ఇవ్వడానికి చేతిలో సరిపడా ఉండేది కాదు.

మా సీఎస్‌ఈ వాడు మంచి కోడర్. ఆ షీట్లో ఫార్ములా ఒక్కటీ తప్పు కాదు. ఏ డబ్బు ఎవరిదో మాత్రం అది చెప్పదు. లయబిలిటీ, అంటే మనం తిరిగివ్వాల్సిన బాకీ, అన్న మాట మేనేజ్‌మెంట్ సబ్జెక్టులో మేమందరం చదివిందే, మార్కులూ వచ్చాయి. అది 67 మొహాలతో కళ్ల ముందుకి వచ్చింది మాత్రం ఆ బల్ల దగ్గరే. వెంటనే ఇంకో సేవింగ్స్ అకౌంటులోకి 16,750 మార్చేశాం, దాన్ని ఇక ముట్టుకోకూడదు.

అక్టోబర్ 26

మొంథా తుఫాను వస్తోంది. రేపటి నుంచి సెలవులు. రిజిస్టరు, క్యాల్క్యులేటర్లు పై అంతస్తుకి మార్చాం. పిల్లలకి మెసేజ్ పెట్టాం, సీఎస్‌ఈ వాడే రాశాడు, రెండే లైన్లు: డ్రాఫ్టర్ని పేపర్లో చుట్టి పాలిథిన్ కవర్లో పెట్టండి, కిటికీ దగ్గర వద్దు.

నవంబర్ 1

తుఫాను 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటింది. మాకు వాన, గాలి బాగానే తగిలాయి. స్టోర్ రూములో తలుపు కిందనుంచి నీళ్లొచ్చాయి, సామాను పైన ఉంది కాబట్టి నష్టం లేదు. ఇవాళ ఉచితంగా తుప్పు తీసిస్తామని చెప్తే 41 మంది వచ్చారు. ఖర్చు 640. సెకండ్ ఇయర్ తమ్ముళ్లిద్దరూ మేము చెప్పకుండానే పాత పేపర్లు పరిచి, వరసగా పెట్టి, ఒక్కోదాని పక్కన పేరు రాశారు.

నవంబర్ 15

గొడవ తేల్చుకోవడానికి భాగస్వామ్య చట్టం చదివాం, 1932 నాటిది. అందులో పదమూడో సెక్షన్ సూటిగా ఉంది. వేరే ఒప్పందం లేకపోతే లాభం, నష్టం భాగస్వాములందరికీ సమానం, పని చేసినందుకు జీతం అడిగే హక్కు ఎవరికీ ఉండదు. అంటే మేమేమీ రాసుకోలేదు కాబట్టి, సివిల్ అమ్మాయి అన్ని గంటలు కూర్చున్నా ఆమెకి విడిగా ఏమీ రాదు. ఇది న్యాయం కాదని నలుగురికీ అనిపించింది, సీఎస్‌ఈ వాడే ముందు అన్నాడు. స్టాంపు పేపరు తెచ్చి రాసుకున్నాం. డిపాజిట్లు, పెట్టుబడి పక్కన పెట్టాక మిగిలిన దాంట్లో ముందు కౌంటర్ గంటకి 30 చొప్పున, ఆ పైన ఉంటే నలుగురికీ సమానం. ఎవరైనా మధ్యలో వెళ్లిపోతే పెట్టుబడి మూడు నెలల్లో వాపసు. స్నేహితులం కదా, ఇవన్నీ ఎందుకు అని జూన్‌లో అనుకున్నాం. జూన్‌లోనే రాసుకుని ఉంటే ఆ రోజు అన్న మాటలు ఒకరినొకరం అనుకునేవాళ్లం కాదు.

డిసెంబర్ 20

వాపసులు. 64 తిరిగొచ్చాయి, మూడు రాలేదు. 16,000 తిరిగిచ్చాం. డిపాజిట్ అకౌంటులో ఇంకా 750 ఉంది. క్యాల్క్యులేటర్లు 780 చొప్పున పన్నెండూ అమ్ముడయ్యాయి, 9,360. ఆ 750తో కలిపి చేతిలో ఉన్నది 14,500, స్టోర్లో 69 డ్రాఫ్టర్లు. రెండో సెమిస్టరుకి కొత్తగా ఏమీ కొనక్కర్లేదు. ఈసారి పంపకాలు లేవు. సివిల్ అమ్మాయి తన గంటలు రిజిస్టర్లో బాకీగా రాయించుకుంది, సరిగ్గా అలాగే రాయాలి కూడా.

ఆమెకి పోయిన వారం సమ్మర్ ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూ జరిగింది. రెజ్యూమేలో స్టోర్ గురించి ఒక్క లైను రాసింది. వాళ్లు పదిహేను నిమిషాలు దాని మీదే అడిగారట. టీమ్‌వర్క్ గురించి అడుగుతారని సిద్ధమై వెళ్తే, డిపాజిట్‌ని లెక్కల్లో ఏ వైపు చూపించారు, అర మిల్లీమీటరు అన్న హద్దు ఎవరు పెట్టారు, పక్కన పెట్టిన 14 ఖర్చు ఎవరు భరించారు అని అడిగారు. అన్నిటికీ ఆలోచించుకోకుండా చెప్పానంది. ఫలితం ఇంకా రాలేదు.

జనవరి 6, 2026

తాళం, రిజిస్టరు తమ్ముళ్లకి ఇచ్చేశాం. ఈ సెమిస్టరు కౌంటర్ వాళ్లది, నేను పక్కన కూర్చుంటానంతే.

4:40కి పలాస వైపు నుంచి ఒక అబ్బాయి వచ్చాడు, ఆ రాని మూడింటిలో ఒకటి వాడిది. జ్వరమొచ్చి పరీక్షలవ్వగానే ఇంటికెళ్లిపోయాడట. డ్రాఫ్టర్ని పేపర్లో చుట్టి తెచ్చాడు. "లేటైపోయింది కదన్నా, డబ్బులిస్తారేటి?" అని నన్నడిగాడు.

నేను నోరు తెరిచేలోపే తమ్ముడు రిజిస్టరు తిప్పి వాడి పేరు పట్టుకున్నాడు. బోర్డుకి బిగించి రెండు గీతలు గీసి, రెండు కొసలూ కొలిచి, 250 లెక్కపెట్టి ఇచ్చి సంతకం పెట్టించుకున్నాడు. తర్వాత ఒక చుక్క నూనె వేసి, పాత పేపరు పరిచి డ్రాఫ్టర్ని దాని మీద పెట్టి, పక్కన ఇవాళ్టి తేదీ రాశాడు. రేపు పొద్దున తనే వచ్చి చూస్తానన్నాడు.